ఆర్‌ఎఫ్‌ఐడీ కంట్రోలర్‌ను ఈథర్‌నెట్ మీదుగా పీఎల్‌సీకి కలపడం: కేబుల్ నుంచి హ్యాండ్‌షేక్ దాకా

జడ్చర్ల పక్కన పోలేపల్లి సెజ్‌లో మందుల ఫ్యాక్టరీలు, మిర్యాలగూడ చుట్టూ బాయిల్డ్ రైస్ మిల్లులు, వాడపల్లి, మట్టంపల్లి, మేళ్లచెరువు వైపు సిమెంటు ప్లాంట్లు ఉన్నాయి. వీటిలో ఎలక్ట్రికల్, ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగాల్లో పనిచేసే ఐటీఐ, డిప్లొమా యువకుల చేతికి ఆర్‌ఎఫ్‌ఐడీ (వస్తువుకు అంటించిన ట్యాగ్‌ను రేడియో తరంగాలతో చదివే పద్ధతి) పని తరచుగా ఒక్కసారిగా వచ్చి పడుతుంది. ప్యానెల్‌లో పీఎల్‌సీ (యంత్రాలను నడిపే పారిశ్రామిక కంప్యూటర్) ముందే ఉంటుంది. కొత్తగా ఒక పెట్టె వస్తుంది, దాంతో పాటు ఇంగ్లిషులో 200 పేజీల మాన్యువల్ వస్తుంది. వారంలో లైను నడవాలని పైనుంచి ఒత్తిడి ఉంటుంది. అలాంటి వారి కోసమే ఈ మార్గదర్శి.

ముందే ఒక మాట చెప్పాలి. కేబుల్ వేసి, ఐపీ అడ్రస్ ఇచ్చి, పింగ్ (అవతలి పరికరం పలుకుతోందో లేదో చూసే పరీక్ష) రప్పించడం పూటలో అయిపోయే పని. అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. పీఎల్‌సీ మెమరీలో కనిపిస్తున్న నంబరు ఇప్పుడు హెడ్ (ట్యాగ్‌ను చదివే భాగం) ముందున్న ట్యాగ్‌దేనా, లేక అంతకు ముందు వెళ్లిపోయిన ట్యాగ్‌దా? ప్రోగ్రాం ఈ ప్రశ్నకు ప్రతిసారీ తప్పు లేకుండా జవాబు చెప్పగలిగినప్పుడే కనెక్షన్ పూర్తయినట్టు. అందుకే ఈ వ్యాసంలో హ్యాండ్‌షేక్‌కు, అంటే రెండు పరికరాలు అడిగి, అందిందని చెప్పుకునే పద్ధతికి, ఎక్కువ చోటిచ్చాను.

ఉదాహరణకు ఒక మాత్రల తయారీ ప్లాంటు తీసుకుందాం. పొడి నింపే స్టెయిన్‌లెస్ స్టీలు బిన్లు (పెద్ద పాత్రలు) కడిగే గదికి, అక్కడి నుంచి తూకం గదికి, మళ్లీ మిక్సింగ్‌కు తిరుగుతుంటాయి. ప్రతి బిన్‌కు ఒక ట్యాగ్ ఉంటుంది. బిన్ స్టేషన్‌లోకి రాగానే అది ఏ బిన్నో, కడిగారో లేదో, ఏ బ్యాచ్‌దో పీఎల్‌సీ తెలుసుకోవాలి. సరైన బిన్ అయితేనే వాల్వు తెరవాలి.

మొదటి అడుగు: ఎవరు ఏ భాష మాట్లాడతారో చూసుకోండి

వ్యవస్థలో నాలుగు భాగాలుంటాయి. ట్యాగ్, దాన్ని రేడియో తరంగాలతో చదివి రాసే రీడ్-రైట్ హెడ్, ఆ హెడ్‌ను నడిపే కంట్రోలర్, దానితో మాట్లాడే పీఎల్‌సీ. కొన్ని మోడళ్లలో హెడ్, కంట్రోలర్ ఒకే పెట్టెలో ఉంటాయి. మరికొన్నింటిలో ఒక కంట్రోలర్‌కు రెండు నుంచి నాలుగు హెడ్‌లు కలుపుకోవచ్చు.

రెండింటికీ ఈథర్‌నెట్ పోర్టు ఉన్నంత మాత్రాన అవి మాట్లాడుకోలేవు. ఈథర్‌నెట్ దారి మాత్రమే. ఆ దారి మీద నడిచే ప్రోటోకాల్ రెండింటికీ ఒకటే కావాలి. రాక్‌వెల్ వారి కాంపాక్ట్‌లాజిక్స్, కంట్రోల్‌లాజిక్స్ పీఎల్‌సీలు ఈథర్‌నెట్/ఐపీ మాట్లాడతాయి. సీమెన్స్ ఎస్7-1200, ఎస్7-1500 ప్రొఫినెట్ మాట్లాడతాయి. మిల్లుల్లో, చిన్న యూనిట్లలో ఎక్కువగా కనిపించే తక్కువ ధర పీఎల్‌సీలకు సాధారణంగా మోడ్‌బస్ టీసీపీ ఉంటుంది. కంట్రోలర్ కొనకముందే దాని ఆర్డర్ కోడ్‌లో ఏ ప్రోటోకాల్ ఉందో చూడండి. ఒకే రూపంలో, ఒకే రంగులో ఉన్న రెండు పెట్టెలు కోడ్‌లో ఒక్క అక్షరం తేడాతో వేర్వేరు ప్రోటోకాల్‌వి కావచ్చు. మధ్యలో గేట్‌వే (ఒక ప్రోటోకాల్‌ను ఇంకోదానికి మార్చే పెట్టె) పెట్టి నెట్టుకురావచ్చని సలహా ఇచ్చేవారుంటారు. గత్యంతరం లేకపోతే తప్ప ఆ దారి పట్టవద్దు. ఆలస్యం పెరుగుతుంది, వెతకాల్సిన లోపాలకు ఇంకో చోటు చేరుతుంది.

రేడియో ఫ్రీక్వెన్సీ కూడా ఇప్పుడే తేలాలి. బిన్లు, ప్యాలెట్లు, అచ్చుల వంటి దగ్గరి పనికి 13.56 మెగాహెర్ట్జ్ హెచ్‌ఎఫ్ సరిపోతుంది. ఐఎస్‌ఓ 15693 ప్రమాణపు ట్యాగులు ఈ కోవలోవే. కొన్ని సెంటీమీటర్ల దూరం, నిక్కచ్చిగా ఒకే ట్యాగ్. లారీల గేటు, వేబ్రిడ్జి వంటి చోట్ల మీటర్ల దూరం కావాలి కాబట్టి యూహెచ్‌ఎఫ్ వాడతారు. మన దేశంలో దీనికి లైసెన్సు అక్కరలేని బ్యాండు 865–868 మెగాహెర్ట్జ్. ఫాస్టాగ్ పనిచేసేదీ ఈ బ్యాండులోనే. అందువల్ల సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గర యూహెచ్‌ఎఫ్ రీడర్ పెడితే మీరు ఇచ్చిన ట్యాగ్‌తో పాటు లారీ అద్దం మీదున్న ఫాస్టాగ్ కూడా చదవబడుతుంది. మీ ట్యాగులన్నింటికీ ఒకే మొదటి అంకెలు పెట్టి, మిగిలినవాటిని కంట్రోలర్‌లోనే వడపోసే ఏర్పాటు చేసుకోండి. ఇక్కడి నుంచి హెచ్‌ఎఫ్ గురించే చెబుతాను.

రెండో అడుగు: ల్యాప్‌టాప్ తెరవకముందు ఒక కాగితం

ఒక తెల్ల కాగితం మీద ఇవి రాసుకోండి: పీఎల్‌సీ ఐపీ, కంట్రోలర్ ఐపీ, సబ్‌నెట్ మాస్క్, ప్రొఫినెట్ అయితే పరికరం పేరు, ఇన్‌పుట్ ఎన్ని బైట్లు, అవుట్‌పుట్ ఎన్ని బైట్లు, ఏ హెడ్ ఏ స్టేషన్‌ది. దాని కిందే ట్యాగ్ మెమరీ పటం గీయండి.

మన బిన్‌కు 112 బైట్ల యూజర్ మెమరీ ఉన్న ట్యాగ్ తీసుకున్నామనుకుందాం. అది నాలుగేసి బైట్ల చొప్పున 28 బ్లాకులుగా ఉంటుంది. 0 నుంచి 3 వరకు బిన్ నంబరు. 4 నుంచి 15 వరకు బ్యాచ్ నంబరు, 12 అక్షరాలు. 16వ బైట్‌లో స్థితి: ఖాళీ, కడిగినది, నింపినది, నిలిపివేసినది. 17 ఖాళీగా వదలండి. 18, 19లలో చెక్‌సమ్ (మిగతా బైట్లు చెడలేదని సరిచూసే లెక్క). మొత్తం 20 బైట్లు, అంటే సరిగ్గా ఐదు బ్లాకులు. బ్లాకు మధ్యలో ఆగిపోయే పటం గీస్తే రాసే ప్రతిసారీ పక్క సమాచారాన్ని కూడా చదివి తిరిగి రాయాల్సి వస్తుంది. కాబట్టి బ్లాకుల హద్దులకు సరిపోయేలా గీయండి.

మెమరీ ఉంది కదా అని అన్నీ ట్యాగ్‌లో నింపవద్దు. అసలు రికార్డు సర్వర్‌లో ఉండాలి, ట్యాగ్‌లో గుర్తింపు, అత్యవసరమైన స్థితి ఉంటే చాలు. ఎక్కువ బైట్లంటే హెడ్ ముందు ఎక్కువ సమయం. పైగా మామూలు ఈఈప్రామ్ ట్యాగులను ఒకే బ్లాకులో సుమారు లక్ష సార్ల వరకే రాయగలం. బిన్‌కు రోజుకు పదిసార్లు రాసినా ఇది దశాబ్దాలు వస్తుంది. అదే కన్వేయర్ మీద నిమిషానికోసారి రాస్తే మూడు నెలలు తిరగకముందే హద్దు దాటుతుంది. అలాంటి చోట ఎఫ్‌ర్యామ్ (ఎన్నో రెట్లు ఎక్కువసార్లు రాయగల మెమరీ) ట్యాగులు వాడాలి.

మూడో అడుగు: హెడ్, ట్యాగ్ బిగించడం

13.56 మెగాహెర్ట్జ్ దగ్గర లోహం పెద్ద శత్రువు. స్టీలు బిన్‌కు మామూలు ట్యాగ్‌ను నేరుగా అంటిస్తే హెడ్ దాన్ని చూడనే చూడదు. ట్యాగ్ వెనకున్న లోహంలో పుట్టే సుడి విద్యుత్తు హెడ్ క్షేత్రాన్ని రద్దు చేస్తుంది, ట్యాగ్ ట్యూనింగ్ కూడా చెదిరిపోతుంది. లోహం మీద పెట్టడానికే తయారుచేసిన ట్యాగ్ కొనండి, లేదా తయారీదారు చెప్పిన మందంలో ప్లాస్టిక్ స్పేసర్ వేయండి. హెడ్ చుట్టూ ఎంత ఖాళీ ఉంచాలో, రెండు హెడ్‌ల మధ్య ఎంత దూరం ఉండాలో డేటాషీట్‌లో ఉంటుంది. ఆ అంకెలను సలహాగా కాక నియమంగా తీసుకోండి.

డేటాషీట్‌లో 80 మిల్లీమీటర్ల దూరం అని ఉంటే దానికి సగంలో బిగించండి. బిన్ చక్రాలు అరుగుతాయి, బ్రాకెట్ వంగుతుంది, కడిగే గదిలో ట్యాగ్ మీద నీటి పొర నిలుస్తుంది. అవన్నీ తట్టుకునే మిగులు ఉండాలి.

నాలుగో అడుగు: కరెంటు, కేబుళ్లు

కంట్రోలర్‌కు 24 వోల్టుల డీసీ కావాలి. సోలెనాయిడ్ వాల్వులు, కాంటాక్టర్ కాయిల్స్ నడిపే ఎస్‌ఎంపీఎస్ (డీసీ పవర్ సప్లయి) నుంచే దీనికీ ఇవ్వవద్దు. వీలైతే వేరే సప్లయి, లేదంటే కనీసం వేరే ఫ్యూజు. కాయిల్ వదిలినప్పుడల్లా కంట్రోలర్ రీసెట్ అయ్యే లోపం పట్టుకోవడం మహా కష్టం, ఎందుకంటే మీరు మీటరు పెట్టి చూసేసరికి 24 వోల్టులు సరిగ్గానే ఉంటాయి.

ఫీల్డులో బిగించే కంట్రోలర్లకు ఈథర్‌నెట్ పోర్టు సాధారణంగా ఎం12, డి-కోడ్, నాలుగు పిన్నులది. గిగాబిట్ కోసం వాడే ఎక్స్-కోడ్ ఇందులో పట్టదు. కనెక్టర్ పట్టడం లేదని బలంగా తిప్పితే పిన్నులు వంగుతాయి, కాబట్టి కోడ్ చూసి తెప్పించండి. రాగి కేబుల్ ఒక్కో విడత 100 మీటర్లు దాటకూడదు. షీల్డు ఉన్న క్యాట్ 5ఈ పారిశ్రామిక కేబుల్ వాడండి. వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే డ్రైవ్) నుంచి మోటారుకు వెళ్లే కేబుల్‌తో ఒకే ట్రేలో వేయవద్దు, తప్పనిసరిగా దాటాల్సి వస్తే అడ్డంగా, లంబకోణంలో దాటించండి. కంట్రోలర్ శరీరానికి ఎర్తింగ్ స్క్రూ ఉంటుంది. దాన్ని పొట్టి, వెడల్పాటి తీగతో ఎర్త్ బార్‌కు కలపండి. రెండు భవనాల మధ్య అయితే రాగి బదులు ఫైబర్ వేయండి. వానాకాలానికి ముందు ఉరుములతో వచ్చే గాలివానల్లో పోర్టులు కాలిపోయేది ఇలాంటి చోట్లే.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన ఇబ్బంది ఎండ. నల్లగొండలో మే నెలలో 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. రేకుల షెడ్డులో, మూసిన ప్యానెల్ లోపల అంతకంటే చాలా ఎక్కువ. కంట్రోలర్‌కు 55 డిగ్రీలే హద్దు అయితే మధ్యాహ్నం మాత్రమే వచ్చి రాత్రికి మాయమయ్యే లోపాలు మొదలవుతాయి. ప్యానెల్‌కు ఫ్యాను పెడితే ఊక దుమ్ము, సిమెంటు దుమ్ము లోపలికి వస్తుంది. అందుకే ఫిల్టరు తప్పక ఉండాలి, దాన్ని ఎప్పుడు మార్చాలో ఎవరైనా ఒకరి బాధ్యతగా రాసి పెట్టాలి.

ఐదో అడుగు: అడ్రస్

కొత్త కంట్రోలర్‌కు ఫ్యాక్టరీ అడ్రస్ ఉంటుంది, లేదా డీహెచ్‌సీపీ (నెట్‌వర్క్‌లో అడ్రస్‌లు పంచే సేవ) కోసం ఎదురుచూస్తుంటుంది. దాన్ని ప్లాంటు నెట్‌వర్క్‌కు కలపకుండా ముందు ల్యాప్‌టాప్‌కు నేరుగా కలపండి. ల్యాప్‌టాప్‌కు అదే సబ్‌నెట్‌లో స్థిరమైన ఐపీ ఇవ్వండి, వైఫై ఆపేయండి. బ్రౌజరులో కంట్రోలర్ పేజీ తెరిచి అడ్రస్ మార్చండి. పీఎల్‌సీ 192.168.10.10 అయితే కంట్రోలర్‌కు 192.168.10.41 ఇవ్వవచ్చు, రెండింటికీ మాస్క్ 255.255.255.0. అడ్రస్ స్థిరంగా ఉండేలా డీహెచ్‌సీపీ ఆపేసి, ఒకసారి కరెంటు తీసి పెట్టి, అడ్రస్ నిలిచిందో లేదో చూడండి. కొన్ని కంట్రోలర్లలో రోటరీ స్విచ్‌లతో చివరి అంకె పెట్టాలి. స్విచ్‌లో ఒకటి, బ్రౌజరులో ఒకటి పెడితే సాధారణంగా స్విచ్ మాటే చెల్లుతుంది.

పెట్టెతో వచ్చిన పాస్‌వర్డ్ ఈరోజే మార్చండి. ఈ నెట్‌వర్క్‌ను ఆఫీసు నెట్‌వర్క్‌తో నేరుగా కలపవద్దు.

ప్రొఫినెట్‌లో ఐపీ కంటే పరికరం పేరు ముఖ్యం. ప్రాజెక్టులో ‘బిన్-స్టేషన్-1’ అని ఉంటే పరికరంలోనూ ఒక్క గీత తేడా లేకుండా అదే పేరు ఉండాలి. సీమెన్స్ ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ టీఐఏ పోర్టల్‌లో పేరు కేటాయించే తెర నుంచి ఎల్‌ఈడీ మెరిపించి, మీరు చూస్తున్న పెట్టె అదేనని నిర్ధారించుకుని పేరు రాయండి. పాడైన కంట్రోలర్ బదులు కొత్తది పెట్టినప్పుడు ఐపీ సరిపోయినా లైను నడవకపోతే ముందు అనుమానించాల్సింది పేరునే.

ఆరో అడుగు: పీఎల్‌సీ ప్రాజెక్టులో చేర్చడం

ఈథర్‌నెట్/ఐపీలో తయారీదారు ఇచ్చిన ఈడీఎస్ ఫైలును (పరికరం వివరాలుండే ఫైలు) ముందుగా ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్‌లో నమోదు చేయండి. అది లేకపోతే జెనరిక్ ఈథర్‌నెట్ మాడ్యూల్‌గా చేర్చాలి. అప్పుడు ఇన్‌పుట్, అవుట్‌పుట్, కాన్ఫిగరేషన్ అసెంబ్లీ (డేటా కట్ట) నంబర్లు, వాటి సైజులు మాన్యువల్ చూసి చేతితో నింపాలి. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. మాన్యువల్‌లో సైజు బైట్లలో ఉంటుంది, సాఫ్ట్‌వేర్‌లో మీరు 16 బిట్ల పదాలు (వర్డ్‌లు) ఎంచుకుని ఉంటారు. 64 బైట్లంటే 32 పదాలు. 64 అనే కొడితే కనెక్షన్ తెరుచుకోదు.

రాక్‌వెల్ లాజిక్స్ పీఎల్‌సీ ఇచ్చే లోపం నంబరు చూస్తే తప్పు ఎక్కడుందో తెలుస్తుంది (ముందున్న 16# అంటే అది హెక్సా అంకె అని). 16#0109 అంటే సైజు కుదరలేదు. 16#0315 వస్తే అసెంబ్లీ నంబరు మళ్లీ చూసుకోండి. 16#0106 అంటే ఇంకో పీఎల్‌సీ ఈ కంట్రోలర్‌ను ఇప్పటికే తన అధీనంలో పెట్టుకుంది. 16#0204 అంటే సమయం మించినా జవాబు రాలేదు, కాబట్టి కేబుల్, ఐపీ, ఫైర్‌వాల్ చూడాలి. ఈథర్‌నెట్/ఐపీ రోజువారీ డేటాకు యూడీపీ 2222, అడిగి చెప్పించుకునే సందేశాలకు టీసీపీ 44818 పోర్టులు వాడుతుంది. పింగ్ వస్తూ కనెక్షన్ రాకపోతే మధ్యలో ఈ పోర్టులను ఎవరైనా మూశారేమో చూడండి.

ఆర్‌పీఐ (డేటా ఎంతసేపటికోసారి పంపాలనే వ్యవధి) 20 మిల్లీసెకన్లు పెట్టి మొదలుపెట్టండి. బిన్ నిలబడి ఉండే స్టేషన్‌కు రెండు మిల్లీసెకన్ల వేగంతో పని లేదు, నెట్‌వర్క్ మీద వృథా భారం.

ప్రొఫినెట్‌కు జీఎస్‌డీఎంఎల్ ఫైలు (ఇక్కడి పరికరం వివరాల ఫైలు) చేర్చి, హార్డ్‌వేర్ కేటలాగ్ నుంచి హెడ్‌కు తగిన మాడ్యూల్‌ను స్లాట్‌లోకి లాగాలి. ఫైలు వెర్షను కంట్రోలర్ ఫర్మ్‌వేర్‌కు సరిపోవాలి. మోడ్‌బస్ టీసీపీలో అయితే కంట్రోలర్ సర్వర్, పీఎల్‌సీ క్లయింట్, పోర్టు 502. రిజిస్టర్లు చదవడానికి ఫంక్షన్ 3, వరుసగా రాయడానికి 16. ఒక్కసారికి 125 రిజిస్టర్ల వరకే చదవగలం, 123 వరకే రాయగలం. మాన్యువల్‌లో 40001 అని ఉన్న రిజిస్టరు తీగ మీద వెళ్లేటప్పుడు 0. కొన్ని పీఎల్‌సీలు ఈ లెక్క తామే చేస్తాయి, కొన్ని చేయవు. విలువలన్నీ ఒక్క గడి పక్కకు జరిగి కనిపిస్తే కారణం ఇదే.

ఏడో అడుగు: హ్యాండ్‌షేక్

ఈ దశలో ప్లాంట్లలో తరచూ వినిపించే మాట ఇది: “పింగ్ వస్తోంది అన్నా, పచ్చ లైటు వెలిగింది, నంబరు కూడా కనిపిస్తోంది. ఇంకేం కావాలి?” అడిగిన తమ్ముడికి ఒక చిన్న పరీక్ష చూపిస్తే చాలు. 12వ నంబరు బిన్ పెట్టండి, తెర మీద 12 వస్తుంది. దాన్ని తీసి, ట్యాగ్ లేని బిన్ పెట్టండి. తెర మీద ఇంకా 12 ఉంటే ఆ ప్రోగ్రాంను లైను మీదికి పంపకూడదు. మందుల ఫ్యాక్టరీలో ఆ 12 అనే అబద్ధం ఒక బ్యాచ్ పొడిని ఇంకో బ్యాచ్‌లో కలిపేస్తుంది.

ఎందుకిలా జరుగుతుంది? పీఎల్‌సీ, కంట్రోలర్ వేర్వేరు గడియారాల మీద నడుస్తాయి. కంట్రోలర్ చివరిసారి చదివింది దాని బఫరులో అలాగే నిలిచి ఉంటుంది. ఎవరూ చెరపకపోతే పీఎల్‌సీకి అది తాజాదో పాతదో తెలిసే మార్గం లేదు. అందుకే ఇద్దరూ బిట్ల ద్వారా మాట తీసుకుని మాట ఇచ్చుకోవాలి. తయారీదారును బట్టి ఈ బిట్ల పేర్లు మారతాయి కానీ అర్థాలు దాదాపు ఒకటే. పీఎల్‌సీ నుంచి వెళ్లేది ‘ఆజ్ఞ’ బిట్. కంట్రోలర్ నుంచి వచ్చేవి ‘సిద్ధం’, ‘ట్యాగ్ ఉంది’, ‘ఆజ్ఞ అందింది’, ‘పూర్తయింది’, ‘లోపం’ బిట్లు.

ప్రోగ్రాంను దశలుగా రాయండి. ఒక్కో స్కాన్‌లో (పీఎల్‌సీ ప్రోగ్రాంను ఒకసారి మొదటి నుంచి చివరిదాకా నడిపే చుట్టులో) ఒక్క దశే చురుకుగా ఉండాలి.

దశ 0, విశ్రాంతి. ఆజ్ఞ బిట్ 0. ‘పూర్తయింది’, ‘లోపం’ రెండూ 0గా, ‘సిద్ధం’ 1గా ఉన్నాయని చూడండి. పాత ఫలితం పెట్టుకునే మీ సొంత మెమరీని సున్నాలతో చెరిపేయండి. బిన్ స్థానంలో ఉందని ప్రాక్సిమిటీ స్విచ్ చెప్పాకే ముందుకు కదలాలి.

దశ 10, అడగడం. అవుట్‌పుట్ ప్రాంతంలో ఆజ్ఞ కోడ్, మొదటి అడ్రస్ 0, పొడవు 20 రాయండి. ఆజ్ఞ బిట్‌ను ఇదే స్కాన్‌లో వెలిగించవద్దు. వివరాలు ముందు చేరాలి, బిట్ తర్వాత వెలగాలి. లాజిక్స్‌లో ఐ/ఓ (ఇన్‌పుట్, అవుట్‌పుట్) మార్పిడి ప్రోగ్రాం స్కాన్‌తో సంబంధం లేకుండా మధ్యలోనే జరుగుతుంది. అందుకని డేటాను మీ బఫరుకూ ఐ/ఓకూ మధ్య కదిలించేటప్పుడు మామూలు కాపీ బదులు సీపీఎస్ (మధ్యలో డేటా మారకుండా కాపీ చేసే ఆదేశం) వాడండి. లేకపోతే సగం పాత బైట్లు, సగం కొత్త బైట్లు కలిసిపోయే ప్రమాదం ఉంది.

దశ 20, అందిందా? ఆజ్ఞ బిట్ 1 చేసి, ‘ఆజ్ఞ అందింది’ కోసం ఆగండి.

దశ 30, ఫలితం. ‘పూర్తయింది’ వస్తే 20 బైట్లను మీ సొంత మెమరీలోకి కాపీ చేసి చెక్‌సమ్ సరిచూడండి. ‘లోపం’ వస్తే లోపం కోడ్‌ను కాపీ చేసుకోండి. ఇక్కడి నుంచి ప్రోగ్రాంలో మిగతా భాగమంతా మీ సొంత మెమరీనే చూడాలి. ఐ/ఓ బైట్లను నేరుగా చూసే రంగ్ (ల్యాడర్ ప్రోగ్రాంలో ఒక వరుస) ఒక్కటి కూడా ఉండకూడదు.

దశ 40, ముగింపు. ఆజ్ఞ బిట్ 0 చేయండి. కంట్రోలర్ తన ‘పూర్తయింది’ బిట్‌ను 0 చేసే దాకా ఆగండి. ఆ తర్వాతే దశ 0కు వెళ్లాలి. చాలా ప్రోగ్రాంలలో లేనిది ఈ దశే. దీన్ని దాటవేస్తే తర్వాతి బిన్ వచ్చినప్పుడు పాత ‘పూర్తయింది’ ఇంకా 1గానే ఉండి, పాత నంబరే కొత్త నంబరుగా చెలామణీ అవుతుంది.

20, 30, 40 దశలకు విడివిడిగా టైమర్లు పెట్టండి. నిలబడిన బిన్‌కు రెండు సెకన్లు చాలు. టైమర్ ముగిస్తే ఫలితం ‘తెలియదు’. తెలియని బిన్‌కు వాల్వు తెరవకూడదు.

కనెక్షన్ బతికి ఉందా అన్నది వేరే ప్రశ్న. కేబుల్ ఊడినప్పుడు ఇన్‌పుట్ విలువలు అన్ని పీఎల్‌సీలలోనూ సున్నా అవుతాయని అనుకోవద్దు, చివరి విలువే నిలిచిపోయే సందర్భాలున్నాయి. కాబట్టి కనెక్షన్ స్థితిని విడిగా చదవాలి. లాజిక్స్‌లో జీఎస్‌వీ అనే ఆదేశంతో మాడ్యూల్ ఎంట్రీ స్టేటస్ తీసుకుని పై నాలుగు బిట్లు చూస్తే, 16#4000 ఉంటేనే నడుస్తున్నట్టు. సీమెన్స్‌లో డివైస్ స్టేట్స్ సూచన ఉంది. ఈ స్థితి పోయిన మరుక్షణం దశల వరుసను 0కు తెచ్చి, సొంత మెమరీని చెరిపేయండి.

రాయడానికీ ఇదే వరుస. ఒక్కటి అదనం: రాసిన వెంటనే తిరిగి చదివి సరిపోల్చండి. బిన్‌ను సగంలో లాగేస్తే కొన్ని బ్లాకులు కొత్తవి, కొన్ని పాతవి మిగులుతాయి. చివరి రెండు బైట్ల చెక్‌సమ్ ఉన్నది అందుకే.

ఎనిమిదో అడుగు: బైట్ల వరుస

బ్యాచ్ నంబరు 24061873 కావాల్సింది తెర మీద 42608137 అని వస్తే కంగారు పడవద్దు. ట్యాగ్ సరిగ్గానే ఉంది, 16 బిట్ల పదంలో రెండు బైట్లు తారుమారయ్యాయి. లాజిక్స్ చిన్న బైట్ ముందు పెడుతుంది, సీమెన్స్, మోడ్‌బస్ పెద్ద బైట్ ముందు పెడతాయి. మార్పిడి ఒక్కచోటే, సొంత మెమరీలోకి కాపీ చేసే దగ్గరే చేయండి. ఇక్కడొకటి, హెచ్‌ఎంఐలో (ఆపరేటరు చూసే తెరలో) ఒకటి, సర్వర్‌లో ఒకటి చేస్తే తర్వాత వచ్చేవారికి దారి దొరకదు.

ట్యాగ్ యూఐడీతో (తయారీలోనే వచ్చే ప్రత్యేక నంబరుతో) పనిచేసేవారికి ఒక సులువైన గుర్తు ఉంది. ఐఎస్‌ఓ 15693 ట్యాగ్ యూఐడీ ఎనిమిది బైట్లు, దాని మొదటి బైట్ హెక్సాలో ఎప్పుడూ ‘ఈ0’ (ఈ-సున్నా). మీ తెర మీద ‘ఈ0’ చివర కనిపిస్తే వరుస తిరగబడింది, తిప్పి చదవండి.

తొమ్మిదో అడుగు: కదిలే ట్యాగ్‌కు సమయం లెక్క

బిన్ ఆగుతుంది కాబట్టి మన ఉదాహరణలో తొందర లేదు. కన్వేయర్ మీద ప్యాలెట్ ఆగకుండా పోతుంటే లెక్క తప్పదు. హెడ్ క్షేత్రం ట్యాగ్ దారి మీద 60 మిల్లీమీటర్లు, కన్వేయర్ వేగం నిమిషానికి 12 మీటర్లు అనుకోండి. అంటే సెకనుకు 200 మిల్లీమీటర్లు, ట్యాగ్ క్షేత్రంలో ఉండేది 300 మిల్లీసెకన్లు. అంచుల దగ్గర చదవడం నమ్మకం కాదు కాబట్టి 200 అనే లెక్కించండి. ఇప్పుడు ఖర్చు చూద్దాం. పీఎల్‌సీ స్కాన్ 10, వెళ్లే ఆర్‌పీఐ 20, కంట్రోలర్ లోపలి పని 10, ఐదు బ్లాకులు గాలిలో చదవడం 40, తిరిగి వచ్చే ఆర్‌పీఐ 20, మళ్లీ స్కాన్ 10. మొత్తం 110. ఒకసారికి సరిపోతుంది, విఫలమైతే మళ్లీ ప్రయత్నించే వ్యవధి లేదు. వేగం రెట్టింపైతే మొదటి ప్రయత్నానికే చాలదు.

అలాంటప్పుడు ట్యాగ్ రాగానే కంట్రోలరే స్వయంగా చదివి పెట్టే మోడ్ వాడండి. లేదా పొడవైన హెడ్ తీసుకోండి. ప్యాలెట్‌ను ఒక్క క్షణం ఆపే స్టాపరు పెట్టగలిగితే నేను దానికే ఓటేస్తాను. పైన చెప్పిన అంకెలు లెక్క చూపడానికే, మీవి మీ డేటాషీట్ నుంచి తీసుకోండి.

పదో అడుగు: అప్పగించే ముందు

సరిగ్గా పనిచేస్తున్నప్పుడు చూసి సంతోషపడితే పరీక్ష చేసినట్టు కాదు. చెడగొట్టి చూడండి. చదువుతుండగా ఈథర్‌నెట్ కేబుల్ పీకండి. హెడ్ కేబుల్ పీకండి. కంట్రోలర్‌కు కరెంటు తీసి ఇవ్వండి. పీఎల్‌సీని ప్రోగ్రాం మోడ్‌కు తెచ్చి మళ్లీ రన్‌కు పంపండి. ట్యాగ్ లేని బిన్, ఖాళీ ట్యాగ్ ఉన్న బిన్, హెడ్ ముందు ఒకేసారి రెండు ట్యాగులు పెట్టి చూడండి. రాస్తుండగా బిన్ లాగేయండి. ప్రతిసారీ వాల్వు మూసే ఉండాలి, హెచ్‌ఎంఐ మీద ఏం జరిగిందో తెలుగులో స్పష్టంగా కనిపించాలి. ‘లోపం 05’ అని చూపితే రాత్రి షిఫ్టు ఆపరేటరుకు ఏమీ అర్థం కాదు. ‘బిన్‌కు ట్యాగ్ కనిపించడం లేదు, బిన్‌ను సరిగా జరపండి’ అని చూపితే ఆయనే సరిచేసుకుంటారు, మిమ్మల్ని నిద్ర లేపరు.

ఒక ట్యాగ్‌ను మూడు రోజుల పాటు స్టేషన్‌లో ఉంచి, ప్రోగ్రాం నిరంతరం చదివేలా వదిలేయండి. ఎన్నిసార్లు అడిగింది, ఎన్నిసార్లు విఫలమైంది అని రెండు కౌంటర్లు పెట్టండి. ఈ మూడు రోజుల్లో మిట్టమధ్యాహ్నపు ఎండ, జనరేటరు మార్పిడి, పెద్ద మోటార్లు స్టార్టయ్యే వేళ అన్నీ రావాలి. వైఫల్యాలు ఒకే వేళలో గుంపుగా వస్తే ఆ సమయంలో ఏ మోటారు స్టార్టవుతోందో వెతకండి. రోజంతా చెదురుమదురుగా ఉంటే హెడ్, ట్యాగ్ దూరం తగ్గించండి.

ఆ కౌంటర్లను ప్రోగ్రాంలోంచి తీసేయకండి, హెచ్‌ఎంఐలో మెయింటెనెన్స్ పేజీలో ఉంచండి. కంట్రోలర్ సెట్టింగుల బ్యాకప్, పీఎల్‌సీ ప్రోగ్రాం, ఈడీఎస్ లేదా జీఎస్‌డీఎంఎల్ ఫైలు, ట్యాగ్ మెమరీ పటం నాలుగూ ఒకే ఫోల్డరులో భద్రపరచండి. రెండో అడుగులో రాసిన కాగితం నకలు ఒకటి ప్లాస్టిక్ కవరులో పెట్టి ప్యానెల్ తలుపు లోపలి వైపు అంటించండి. స్పేర్ కంట్రోలర్ కొన్న రోజే దానికి ఐపీ, పేరు ఇచ్చి, ఒకసారి లైను మీద నడిపి చూసి, అప్పుడే స్టోర్‌కు పంపండి.